జెకర్యా ఏ ప్రార్థనకు జవాబు అందుకున్నాడు?

గుంటూరు, విజయవాడ ప్రాంతపు క్రైస్తవ ఇళ్ళల్లో పెళ్ళయి నాలుగైదేళ్ళు గడిచినా పిల్లలు కలగకపోతే, ప్రార్థన చేయడానికి వచ్చినవాళ్ళు తెరిచే అధ్యాయాలు చాలావరకు రెండే. ఒకటి సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయం, రెండోది లూకా సువార్త మొదటి అధ్యాయం. హన్నాను జ్ఞాపకం చేసుకున్న దేవుడు, ఎలీసబెతు నింద తీసేసిన దేవుడు మీ ఇంట్లోనూ ఊయల కట్టిస్తాడని ధైర్యం చెబుతారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో చీటీల మీద రాసిచ్చే మనవుల్లో సంతానం కోసం రాసినవి తప్పకుండా ఉంటాయి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల మరియమాత కొండకు వచ్చే జనంలోనూ ఈ మొక్కుతో తలనీలాలు ఇచ్చేవాళ్ళు, పుట్టిన బిడ్డను భుజాన వేసుకుని కొవ్వొత్తి వెలిగించడానికి మళ్ళీ వచ్చేవాళ్ళు ఉంటారు.

ఈ ప్రార్థనలో తప్పు వెతకాల్సిన పనిలేదు. గుండెకోత చెప్పుకుని ఏడవడం హన్నా దగ్గర నేర్చుకున్నదే. పెదవులు కదులుతూ మాట వినబడకపోతే తాగి వచ్చిందనుకున్నాడు యాజకుడైన ఏలీ. దేవుడు అలా అనుకోలేదు. అయితే ఆ రెండు అధ్యాయాల్లో పుట్టినవాళ్ళిద్దరూ ప్రవక్తలు: హన్నాకు సమూయేలు, జెకర్యా, ఎలీసబెతు దంపతులకు స్నాపక యోహాను. ఆ సంగతిని పక్కన పెట్టి చదివితే సగం కథే చేతికొస్తుంది. ప్రవక్త పుట్టుక బైబిల్లో ఒక ఇంటి కొరత తీరడంతో మొదలవుతుంది గానీ అక్కడ ఆగదు. ఆ బిడ్డ ఆ ఇంటివాడుగా మిగలడు. అడిగినవాళ్ళకే ఇచ్చి, అడగనివాళ్ళందరి కోసం తీసుకుంటాడు దేవుడు. క్రైస్తవ ప్రార్థనలో యోహాను జననానికి ఉన్న అర్థమంతా ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే ఉంది.

లూకా ఈ కథను ఎక్కడ మొదలుపెట్టాడో చూడాలి. ఇంట్లో కాదు, దేవాలయంలో. యూదుల యాజకులు 24 తరగతులు. జెకర్యాది అబీయా తరగతి, వరసలో ఎనిమిదవది. ఒక్కో తరగతికి ఏడాదిలో రెండు వారాలపాటు ఆలయసేవ వచ్చేది. ధూపం ఎవరు వేయాలో చీట్లు వేసి తేల్చేవారు. అంతవరకు ధూపం వేయని యాజకుల్నే ఆ చీటీకి పిలిచేవారని యూదుల ప్రాచీన ధర్మగ్రంథం మిష్నా చెబుతుంది. అంటే ఒక యాజకుడి జీవితంలో ఆ వంతు రావడమే అపురూపం, ఎందరికో అసలు రాకుండానే పోయేది. ముసలితనంలో జెకర్యాకు వచ్చింది. లోపల అతను ధూపవేదిక దగ్గర ఉన్నాడు, బయట ఆవరణలో ప్రజలంతా ప్రార్థనలో ఉన్నారు. గబ్రియేలు దూత వేదికకు కుడివైపున కనబడి చెప్పిన మొదటి మాట: “భయపడకుము, నీ ప్రార్థన వినబడినది.”

ఏ ప్రార్థన?

వెంటనే తోచే జవాబు బిడ్డ కోసం చేసిన ప్రార్థన అని. దూత కూడా ఆ వెంటనే కొడుకు పుడతాడనే చెప్పాడు. కానీ ఆ జవాబుకు ఒక చిక్కుంది. కొడుకు పుడతాడని వినగానే జెకర్యా నమ్మలేదు. నేను ముసలివాణ్ణి, నా భార్యకూ వయసు మీరింది, దీన్ని ఎలా నమ్మమంటావు అన్నాడు. ఆ క్షణాన బిడ్డ కోసమే వేడుకుంటున్నవాడి నోట రావలసిన మాట కాదిది. ఆ ఆశ ఎప్పుడో వదులుకున్నవాడి మాట. పైగా ఆ గడియలో యాజకుడు నిలబడేది ప్రజల పక్షాన. తన సొంత కోరిక చెప్పుకునే వేళ కాదు. అందుకే నాలుగో శతాబ్దం చివర, ఐదో శతాబ్దం మొదట్లో జీవించిన అగస్టీను వంటి ప్రాచీన వ్యాఖ్యాతలు, ఆ రోజు వినబడింది ప్రజల విమోచన కోసం చేసిన ప్రార్థన అనీ, బిడ్డ దానికి జవాబుగా వచ్చాడనీ చదివారు.

రెంటిలో ఒకదాన్నే ఎంచుకోమని లూకా అడగడం లేదు. యౌవనంలో భార్యాభర్తలు చేసి చేసి విడిచిపెట్టిన ప్రార్థన ఒకటి. ఆ రోజు ఆవరణ నిండా జనం చేస్తున్న ప్రార్థన మరొకటి. వాళ్ళు మరచిన మొదటిదాన్ని దేవుడు మరవలేదు, రెండోదానికి జవాబిచ్చే రోజున దాన్ని కూడా కలిపి ఇచ్చాడు. సంతానం కోసం ప్రార్థించే ఇళ్ళల్లో ఈ కలయిక గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. మాట్లాడితే ఆ ప్రార్థన చిన్నదవదు, దాని వెనక ఊరంత ప్రార్థన నిలబడుతుంది.

దీనికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం జెకర్యా పాటే. తొమ్మిది నెలలపైగా నోట మాట లేకుండా ఉన్నాడు. చుట్టాలు అతనితో సైగలు చేశారని లూకా రాశాడు కాబట్టి వినికిడి కూడా పోయి ఉండవచ్చు. నోరు తెరుచుకున్నాక లేకలేక కలిగిన కొడుకును చూసి ఒక తండ్రి ఏమంటాడని ఎదురుచూస్తాం? లూకా 1వ అధ్యాయంలో 68 నుంచి 79 దాకా ఉన్న ఆ పాటలో వచనాలు పన్నెండు. మొదటి ఎనిమిదింటిలో బిడ్డ ఊసే లేదు. ప్రజలకు దేవుడు విమోచన కలిగించాడు, దావీదు వంశంలో రక్షణ లేవనెత్తాడు, అబ్రాహాముతో చేసిన ప్రమాణం నిలబెట్టుకున్నాడు అని సాగుతుంది. 76వ వచనంలో గానీ “ఓ శిశువా” అని కొడుకు వైపు తిరగడు. తిరిగినా నా కొడుకువి అనడు, సర్వోన్నతుని ప్రవక్తవి అంటాడు. రెండు వచనాలు దాటగానే మళ్ళీ చీకటిలో కూర్చున్నవారి మీదికి రాబోయే అరుణోదయం వైపు వెళ్ళిపోతాడు.

హన్నా పాటా ఇంతే. సమూయేలు పేరు అందులో రాదు. దరిద్రుల్ని మంటిలోంచి లేవనెత్తేవాడు, బలవంతుల విల్లు విరిచేవాడు దేవుడని పాడింది ఆమె. బైబిల్లో బిడ్డను ఎత్తుకున్న ప్రార్థనలు ఇలా ఊరిమీదికి, దేశంమీదికి వెళ్తాయి. మన సంఘాల్లో సాక్ష్యం చెప్పే సమయాన “దేవుడు మాకు బాబునిచ్చాడు” అన్న దగ్గరే మాట ఆగిపోవడం చూస్తుంటే ఏదో తక్కువైనట్టు అనిపించేది అందుకే. ఆ సంతోషం నిజమైనదే, అది ఇంకా ముందుకు నడవాలి.

జెకర్యా పాటను కతోలికులు ప్రతి ఉదయం ప్రార్థనలో పాడతారు. గురువులు, కన్యస్త్రీలు రోజూ తప్పకుండా, తక్కినవారు వీలున్నప్పుడు. ఆంగ్లికన్ వారసత్వంగా దక్షిణ ఇండియా సంఘానికి కూడా ఉదయారాధనలో ఈ పాట వచ్చింది. పిల్లలు పుట్టనివాళ్ళు, పెళ్ళే చేసుకోనివాళ్ళు రోజూ పొద్దున్నే ఒక బిడ్డ పుట్టుక పాటను తమదిగా పాడుకోవడం చిన్న విషయం కాదు. ఆ పుట్టుక అందరిదీ అయినందువల్లే అది కుదిరింది.

ఇక పండుగ. కతోలిక సంఘం సాధారణంగా పునీతుల్ని వాళ్ళు మరణించిన రోజున తలుచుకుంటుంది. పరలోకంలో పుట్టిన రోజు అదేనని భావన. భూమ్మీద పుట్టిన రోజును పండుగ చేసేది ముగ్గురికే: డిసెంబరు 25న క్రీస్తు, సెప్టెంబరు 8న మరియమాత, జూన్ 24న స్నాపక యోహాను. యోహానుకు ఆగస్టు 29న శిరచ్ఛేదన స్మరణ కూడా ఉంది. తల్లి గర్భంలోనే పరిశుద్ధాత్మతో నిండుతాడని దూత చెప్పడం, మరియ వందనం వినగానే ఎలీసబెతు కడుపులో బిడ్డ గంతులు వేయడం ఈ ప్రత్యేకతకు ఆధారం. జూన్ 24 ఆదివారమైతే ఆ ఆదివారపు పూజను పక్కకు తప్పించి ఈ పండుగే చేస్తారంటే దాని స్థాయి తెలుస్తుంది. లూథరన్, దక్షిణ ఇండియా సంఘాల పంచాంగాల్లోనూ ఈ రోజు ఉంది. స్వతంత్ర సంఘాల్లో ఇలాంటి పంచాంగం ఉండదు గనుక యోహాను అక్కడ డిసెంబరులో, క్రిస్మస్ ప్రసంగానికి ముందుమాటగా వస్తాడు.

జూన్ 24 ఎందుకు? ఎలీసబెతుకు ఆరో నెల అని గబ్రియేలు మరియతో చెప్పాడు. క్రిస్మస్ నుంచి ఆరు నెలలు వెనక్కి లెక్కించారు. అప్పటికే ఆ తేదీల్లో పగలు పెరగడం, తగ్గడం జరుగుతుండడం చూసి అగస్టీను ఒక పోలిక చెప్పాడు: యోహాను పుట్టాక పగళ్ళు తగ్గుతూ వస్తాయి, క్రీస్తు పుట్టాక పెరుగుతూ పోతాయి. “ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది” అని యోహాను తానే అన్నాడు కదా. ఐరోపాలో ఈ తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. విజయవాడలో జూన్ చివర పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో 11 గంటల పైచిలుకు. ఇక్కడ ఆ తేదీని గుర్తుపట్టించేది వెలుగు కాదు, ఆరుద్ర కార్తె. ఎండ తగ్గి, వాన కోసం మబ్బు చూస్తూ కృష్ణా డెల్టా రైతు నారుమడికి సిద్ధపడే రోజులు. దారి సిద్ధం చేయడానికి వచ్చినవాడి పండుగ దుక్కి సిద్ధం చేసే రోజుల్లో పడడం ఈ నేల మీద ప్రసంగం చెప్పేవారికి దొరికిన వరం. ఐరోపా పగళ్ళ లెక్క అరువు తెచ్చుకోవాల్సిన అవసరం లేదు.

ఎనిమిదో రోజు జరిగిన పేరు గొడవ మనవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇరుగుపొరుగు, చుట్టాలు చేరారు. అందరూ కలిసి బిడ్డకు తండ్రి పేరే జెకర్యా అని పెట్టబోయారు. తల్లి వద్దంది, యోహాను అని పెట్టాలంది. మీ బంధువుల్లో ఆ పేరు గలవాడు ఎవరూ లేరే అన్నారు వాళ్ళు. తాత పేరు పెట్టలేదని ఏళ్ళ తరబడి అలిగి కూర్చున్న పెద్దవాళ్ళున్న కుటుంబాలకు ఆ గదిలో గాలి ఎలా ఉందో తెలుసు. తల్లి మాట చాలలేదు, తండ్రికి సైగ చేశారు. అతను పలక అడిగి “వాని పేరు యోహాను” అని రాశాడు. ఆ వెంటనే నోరు తెరుచుకుంది.

ఇది పేరు గొడవ మాత్రమే కాదు, వారసత్వం గొడవ. యూదుల్లో యాజకత్వం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. ఎలీసబెతు కూడా అహరోను వంశస్థురాలే కాబట్టి ఆ బిడ్డకు రెండువైపులా యాజక రక్తం. జెకర్యా కొడుకు జెకర్యాగా పెరిగి, అబీయా తరగతిలో తండ్రి వంతు అందుకుంటాడని చుట్టాలు ఆశపడడంలో వింతేముంది? ఆ ఆశకు అడ్డుపడిన మొదటి మనిషి ఎలీసబెతు. యోహాను తండ్రి నిలిచిన ధూపవేదిక దగ్గర నిలబడినట్టు సువార్తల్లో ఎక్కడా లేదు. అడవిలో పెరిగాడు, ఒంటెరోమాల వస్త్రం కట్టాడు, మిడతలు, అడవితేనె తిన్నాడు. ప్రవక్తృత్వం వంశంలో దిగదు. నేను ప్రవక్త కొడుకును కాను, పశువుల కాపరిని అని ఆమోసు అన్నాడు. ఏలీయా తల్లిదండ్రులెవరో బైబిలు చెప్పనే చెప్పదు. పాత నిబంధన ఆఖరి పుటలో మలాకీ చెప్పినదాన్ని గబ్రియేలు తిరగజెప్పాడు: ఈ బిడ్డ తండ్రుల హృదయాల్ని పిల్లల తట్టు తిప్పుతాడు. పిల్లలు తండ్రుల పీఠమెక్కడం గురించి అక్కడ ఒక్క మాట లేదు. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో తండ్రి స్థాపించిన సంఘం కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి ఆస్తిలాగా దిగుతున్న చోట్ల జూన్ 24 నాటి సువార్తను నెమ్మదిగా, ఆగి ఆగి చదవాల్సిన అవసరం ఉంది.

మొక్కుల విషయంలో కూడా ఇదే జాగ్రత్త కావాలి. “బాబు పుడితే సేవకు ఇచ్చేస్తాం” అని మొక్కుకునే తల్లిదండ్రులు మనలో ఎందరో. హన్నా కూడా అలాగే మొక్కుకుంది, పాలు మాన్పించి షిలోహు ఆలయంలో అప్పగించింది. ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్ళేది. బిడ్డ ఏడాదిలో ఎంత పెరిగి ఉంటాడో ఊహించుకుని కొలత వేసుకోవాలి ఆమె. మొక్కు చెల్లించడం ఎంత బరువో ఆ ఒక్క వచనం చూపిస్తుంది. అయినా తల్లి మొక్కుతో సమూయేలు ప్రవక్త అయిపోలేదు. ఆలయంలో సేవ చేస్తూ కూడా అతను ఇంకా యెహోవాను ఎరగడని మూడో అధ్యాయం స్పష్టంగా చెబుతుంది. ఒక రాత్రి దేవుడు పేరు పెట్టి పిలిచాకే ప్రవక్త అయ్యాడు. యోహాను విషయంలోనూ అంతే. పుట్టకముందే దూత అంత చెప్పినా, తిబెరి కైసరు పాలన పదిహేనో ఏట అరణ్యంలో దేవుని వాక్యం యోహాను దగ్గరికే వచ్చిందని లూకా రాశాడు. తల్లిదండ్రులు సమర్పించగలరు, పిలవలేరు. ఆ పిలుపు వినబడని కుర్రాణ్ణి నువ్వు మొక్కుబడి బిడ్డవి అంటూ బైబిలు కళాశాలకు పంపడం ఆ కుర్రాడికీ, రేపు అతని చేతికింద ఉండబోయే సంఘానికీ అన్యాయం.

 

మన పక్క వీధుల్లోని ముస్లిం సోదరులకూ ఈ కథ కొత్త కాదు. ఖుర్ఆన్‌లో మరియం సూరా జకరియ్యా వృద్ధాప్యంలో చేసిన వేడుకోలుతో మొదలై, యహ్యా పుడతాడన్న శుభవార్త చెబుతుంది. క్రైస్తవ విశ్వాసానికి తేడా ఎక్కడంటే, లూకా రెండు జననాల్ని పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. యోహాను సర్వోన్నతుని ప్రవక్త, యేసు సర్వోన్నతుని కుమారుడు. ఆరు నెలలు ముందు పుట్టినవాడు తన కోసం పుట్టలేదు. ప్రవక్త పుట్టుకను క్రైస్తవులు పండుగ చేసుకునేది కూడా అతను చూపించినవాడి వల్లనే.

అలా చూపించినవాడికి చివరికి దక్కిందేమిటి? గలిలయ పాలకుడు హేరోదు అంతిప చెర, ఆ తర్వాత కత్తి. యోహానును బంధించిన కోట పేరు మకేరు అని యూదు చరిత్రకారుడు జోసీఫసు రాశాడు. ఎన్నో ఏళ్ళు ఎదురుచూసి కన్న ఒక్కగానొక్క కొడుకు. తల్లిదండ్రులు అంతవరకు బతికి ఉన్నారో లేదో సువార్త చెప్పలేదు. ప్రార్థనకు జవాబుగా పుట్టిన బిడ్డలు క్షేమంగా, వృద్ధిగా ఉంటారని మాట ఇచ్చే ప్రసంగాలకు ఈ అధ్యాయం ఆధారం కాదు. ఉన్నది ఉన్నట్టు చదివినవాళ్ళెవరూ దీన్ని చూపించి అలాంటి హామీ ఇవ్వలేరు.

మళ్ళీ ఆ పిల్లలు లేని దంపతుల దగ్గరికి వస్తే, లూకా వాళ్ళ కోసం రాసిన వచనం ఒకటుంది, ఆరోది. జెకర్యా, ఎలీసబెతు ఇద్దరూ దేవుని దృష్టికి నీతిమంతులు, ఆజ్ఞలన్నిటిలో నిరపరాధులుగా నడిచినవారు. పిల్లలు లేరన్న సంగతి ఏడో వచనంలో వస్తుంది. వరస కావాలనే పెట్టాడు లూకా. లోపం వీళ్ళ పాపంలో ఉందేమో అన్న గుసగుస పుట్టకముందే నోరు మూయించాడు. మనుషుల్లో తనకున్న నిందను ప్రభువు తీసేశాడని ఎలీసబెతు అన్నప్పుడు ఆ నింద వేసింది మనుషులేనని గమనించాలి. సీమంతానికి పిలవని చుట్టాలు, శుభకార్యంలో పక్కకు నెట్టే చేతులు, “ఏదైనా ఒప్పుకోవాల్సిన పాపం ఉందేమో చూసుకోమ్మా” అనే ప్రార్థనాపరులు, ఇదంతా ఇప్పటికీ ఉంది. ఆ చివరిది అన్నిటికన్నా కోస్తుంది, వాక్యం పేరు చెప్పి కోస్తుంది కాబట్టి.

ఆసుపత్రికి వెళ్ళడం విశ్వాసం తక్కువై కాదు. 1842లో జె.సి.ఎఫ్. హయ్యర్ రాకతో గుంటూరులో మొదలైన లూథరన్ మిషన్ లూకా సువార్తతోపాటు వైద్యాన్నీ తెచ్చింది. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ మగ వైద్యుడి ముందుకు రాలేని ఆడవాళ్ళకు, పసిపిల్లలకు వైద్యం చేసింది. ఆమె శ్రమతో 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి వెలిసింది. ఇప్పటికీ అది ఆమె పేరుతోనే గుర్తు. ప్రార్థన, ప్రసవ వార్డు ఒకే విశ్వాసంలోంచి వచ్చిన ఊరిది. పరీక్షలంటే కోడల్ని ఒక్కదాన్నే పంపి, కొడుకుకు ఏ లోటూ ఉండదని తేల్చేసే ఇళ్ళల్లో ప్రార్థనకు వెళ్ళినవాళ్ళు ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడాలి, ఇద్దరి పేరూ ఎత్తి ప్రార్థించాలి. లూకా ఎలీసబెతును గొడ్రాలు అన్న అదే వాక్యంలో ఇద్దరూ వయసు మీరినవారని కలిపే రాశాడు.

ఒక చిన్న సంగతి గురువులకు, ఉపదేశులకు పనికొస్తుంది. జూన్ 24 పగటి పూజలో చదివే సువార్త 57వ వచనంతో, అంటే ప్రసవంతో మొదలవుతుంది. ఆరో వచనం అందులో లేదు. బిడ్డలు లేనివాళ్ళు ఆ పూట గుడిలో వినేది బిడ్డ పుట్టిన సంబరమే. ముందురోజు సాయంత్రం చేసే జాగరణ పూజ పఠనం మాత్రం 5 నుంచి 17 దాకా. దానికి వచ్చేది కొద్దిమందే. పండుగనాటి ప్రసంగంలో ఆ ఆరో వచనాన్ని ముందుగా చదివి, ఆ తర్వాతే 57లోకి వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.